ఒకే సైలెన్సర్, ఒక్కో బండి మీద ఒక్కో సౌండ్: ఆఫ్టర్‌మార్కెట్ ఎగ్జాస్ట్ ఎంచుకునే ముందు అర్థం చేసుకోవాల్సినవి

వీడియోలో ఒక ఎగ్జాస్ట్ సౌండ్ విని ఫిదా అయిపోయి, అదే కంపెనీ అదే మోడల్ తెప్పించి ఫిట్ చేయిస్తే, అక్కడ గంభీరంగా వినిపించింది కాస్తా ఇక్కడ రేకుడబ్బా మోతలా వస్తుంది. బైక్ రైడర్ల మాటల్లో తరచూ వినిపించే కంప్లైంట్ ఇది. వెంటనే అనుమానం డూప్లికేట్ మాల్ మీదకి పోతుంది, లేదంటే ఫిట్ చేసినవాడి మీదకి. చాలాసార్లు ఈ రెండూ కారణం కాదు.

క్లుప్తంగా చెప్పాలంటే: సౌండ్ పుట్టించేది ఇంజన్, పైప్ ఒక జల్లెడ మాత్రమే, ఇంజన్ ఇచ్చిన దాంట్లోంచి ఏది వదలాలి ఏది ఆపాలి అన్నది అది తేలుస్తుంది. కాబట్టి ముందు సొంత ఇంజన్ ఫైరింగ్ చూడాలి, తర్వాత సైలెన్సర్ సైజు, లోపలి కోర్ (మధ్యలోని చిల్లుల గొట్టం), ప్యాకింగ్ (దాని చుట్టూ నింపే ఊల్) చూడాలి, బ్రాండ్ పేరు, మెటీరియల్ లాంటివి ఆ తర్వాతే. నడిపేవాళ్లకి వినిపించేది, రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లకి వినిపించేది, ఫోన్ మైక్ రికార్డ్ చేసేది మూడూ వేరు, ఇది మర్చిపోతే ఎంత డబ్బు పెట్టినా అంచనా తప్పుతుంది.

సౌండ్ అసలు ఎక్కడ పుడుతుంది

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే టైంకి సిలిండర్ లోపల కాలిన గ్యాస్ ఇంకా బాగా ప్రెషర్ మీదే ఉంటుంది, వాల్వ్ కొంచెం తెరుచుకోగానే అదంతా ఒక్క ఊపున బెండ్ పైప్‌లోకి (ఇంజన్ నుంచి బయటికొచ్చే మొదటి గొట్టం) తోసుకొస్తుంది, ఆ తోపుడే ఒక ప్రెషర్ అల. సైలెన్సర్ కొసన వినిపించే ప్రతి "డుగ్" వెనక ఇలాంటి అల ఒకటి ఉంటుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి కాలుతుంది కాబట్టి లెక్క సింపుల్, ఆర్‌పీఎంని (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) 120తో భాగించి సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే సెకనుకి ఎన్ని అలలో వచ్చేస్తుంది. సింగిల్ సిలిండర్ 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 50, అదే స్పీడులో నాలుగు సిలిండర్ల ఇంజన్ 200, దాన్నే 12000 వరకు లాగితే 400. స్పోర్ట్స్ బైకుల "అరుపు" ఆ 400 దగ్గర ఉంటుంది, 9000 దాకా తిరిగే సింగిల్ అయినా 75 దగ్గరే ఆగిపోతుంది. సింగిల్ సిలిండర్ బండికి ఏ పైప్ తగిలించినా నాలుగు సిలిండర్ల కేక రాకపోవడానికి కారణం ఇదే, దీనికి మందు లేదు.

అయితే అల అనేది ఒక్క ఫ్రీక్వెన్సీతో వచ్చేది కాదు. 50తో పాటు 100, 150, 200 ఇలా పైకి వెళ్లే గుణిజాలన్నీ దాంట్లో కలిసే ఉంటాయి. పైప్ ఆడే ఆటంతా ఈ పై వరసతోనే, కొన్నిటిని నొక్కేస్తుంది, కొన్నిటిని లేపుతుంది. సౌండ్ "బేస్‌గా" ఉంది, "రఫ్‌గా" ఉంది, "ముక్కుతో పలికినట్టు" ఉంది అని జనం చెప్పే తేడాలన్నీ ఇక్కడివే.

సిలిండర్ల సంఖ్య ఒకటే అయినా ఇంజన్ స్వభావం వేరైతే కథ మళ్లీ మారుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 349 సీసీ ఇంజన్ బోర్ (సిలిండర్ వెడల్పు) 72, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 85.8 మిల్లీమీటర్లు, పవర్ పీక్ 6100 ఆర్‌పీఎం దగ్గర. పాత 373 సీసీ కేటీఎం 390 డ్యూక్ బోర్ 89, స్ట్రోక్ 60, పీక్ 9000 దగ్గర. రెండూ సింగిలే, సీసీలో పెద్ద తేడా లేదు, కానీ మొదటిది పొడుగు స్ట్రోక్‌తో నిదానంగా తిరుగుతూ ఒక్కో దెబ్బని విడివిడిగా వినిపిస్తుంది, రెండోది గబగబా తిరిగే షార్ట్ స్ట్రోక్, దాని దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడిపోయి కరుకుగా వస్తాయి. ఒకదాని మీద బాగా పలికిన సైలెన్సర్ ఇంకోదాని మీద అలాగే పలకాలని లేదు, పలకదు కూడా.

ట్విన్స్ దగ్గరే కన్ఫ్యూజన్ ఎక్కువ

రెండు సిలిండర్ల బండ్లలో సౌండ్‌ని శాసించేది ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉన్న గ్యాప్. మొత్తం సైకిల్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు, దాన్ని రెండు సిలిండర్లు ఎలా పంచుకుంటాయి అన్నదే ప్రశ్న. 360 డిగ్రీల క్రాంక్ (పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు) ఉన్న పాత తరహా ప్యారలల్ ట్విన్‌లో (సిలిండర్లు పక్కపక్కన ఉండే ఇంజన్) సమానంగా 360, 360. కవాసకి నింజా 650లో క్రాంక్ 180 డిగ్రీలు, అంటే ఒక దెబ్బ తర్వాత 180కే ఇంకోటి, ఆ తర్వాత 540 డిగ్రీల ఖాళీ. యమహా ఎంటీ 07లో క్రాంక్ 270 డిగ్రీలు, గ్యాప్‌లు 270, 450. డుకాటీ 90 డిగ్రీల వీ ట్విన్‌లో (సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజన్) వచ్చే గ్యాప్‌లు కూడా సరిగ్గా ఇవే, అందుకే ఎంటీ 07 చూడటానికి ప్యారలల్ ట్విన్ అయినా వినడానికి వీ ట్విన్‌లా ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్‌లదీ ఇదే 270 క్రాంక్. ఇక హార్లీ 45 డిగ్రీల వీ ట్విన్‌లో 315, 405.

నింజా 649 సీసీ, ఎంటీ 689 సీసీ, దాదాపు ఒకే క్లాస్ బండ్లు. రెండిటికీ ఒకే కంపెనీ ఒకే డిజైన్ సైలెన్సర్ అమ్మినా ఒకటి బర్‌ర్ అని కాస్త పల్చగా, ఇంకోటి తడబడుతూ బరువుగా వినిపిస్తుంది. వీడియో ఎంటీది చూసి పైప్ నింజాకి కొంటే వచ్చే నిరాశ అలాంటిదే.

సౌండ్ పైపుది కాదు ఇంజన్‌ది అనడానికి ట్రేడ్‌మార్క్ ఆఫీసు దాకా వెళ్లిన సాక్ష్యం ఒకటి ఉంది. హార్లీ డేవిడ్‌సన్ 1994లో తన ఎగ్జాస్ట్ సౌండ్‌కి ట్రేడ్‌మార్క్ కావాలని అమెరికాలో అప్లై చేసింది. మిగతా కంపెనీలు అభ్యంతరం పెట్టాయి, రెండు పిస్టన్లూ ఒకే క్రాంక్‌పిన్‌కి తగిలించి ఉన్న వీ ట్విన్ ఎవరు తయారు చేసినా ఇలాంటి సౌండే వస్తుంది కదా అన్నది వాళ్ల వాదన. ఏళ్ల తరబడి సాగదీసి 2000లో హార్లీయే ఆ అప్లికేషన్ వెనక్కి తీసుకుంది.

నాలుగు సిలిండర్లలో కూడా ఇదే. మామూలు ఇన్‌లైన్ ఫోర్‌లో (నాలుగు సిలిండర్లూ ఒకే వరసలో ఉండేది) ప్రతి 180 డిగ్రీలకీ ఒక దెబ్బ, నున్నగా ఒకే స్వరంలా వస్తుంది. 2009లో యమహా ఆర్1కి క్రాస్‌ప్లేన్ క్రాంక్ వచ్చాక గ్యాప్‌లు 270, 180, 90, 180 అయ్యాయి, ఆ ఒక్క మార్పుతో బండి గొంతే మారిపోయింది. మూడు సిలిండర్ల బండ్లు ఎక్కువగా 240 చొప్పున సమానంగా కాలుతూ ఈ రెండు రకాలకీ మధ్యలో ఉంటాయి.

టూ స్ట్రోక్ సంగతి మాత్రం పూర్తిగా వేరు. అక్కడ ఉబ్బెత్తుగా కనిపించే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ అనే ఎగ్జాస్ట్ పైప్ ఇంజన్‌లో భాగమే అనుకోవాలి, 1950ల్లో తూర్పు జర్మనీ కంపెనీ ఎంజెడ్ రేసింగ్ బండ్ల కోసం ఇంజనీర్ వాల్టర్ కాడెన్ ఈ పద్ధతిని బాగా పదునుపెట్టాడు. దాన్ని సౌండ్ కోసం మారిస్తే పవర్ వచ్చే ఆర్‌పీఎం బ్యాండే జరిగిపోతుంది.

సైలెన్సర్ లోపల

లోపలి నిర్మాణం ప్రకారం సైలెన్సర్లు రెండు రకాలు. ఒకటి స్ట్రెయిట్ త్రూ, మధ్యలో చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ ఊల్ లాంటి ప్యాకింగ్. రెండోది ఛాంబర్ రకం, గదులు గదులుగా ఉండి గ్యాస్‌ని అటూ ఇటూ తిప్పుతూ, తిరిగొచ్చే అల ఎదురొచ్చే అలని చంపేలా కట్టినది. కంపెనీ ఇచ్చే స్టాక్ సైలెన్సర్లలో ఛాంబర్లదే పెత్తనం, పైగా దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఉండి అదీ కొంత మోతని తగ్గిస్తుంది. ఆఫ్టర్‌మార్కెట్ (బయటి కంపెనీలు విడిగా అమ్మే) సరుకులో ఎక్కువ స్ట్రెయిట్ త్రూలే.

ప్యాకింగ్ పెద్ద ఫ్రీక్వెన్సీలని పీల్చుకుంటుంది, చిన్నవాటిని దాదాపు ముట్టుకోదు. దీనికి కారణం అల పొడవు. వేడి గ్యాస్‌లో సౌండ్ సుమారు సెకనుకి 500 మీటర్ల స్పీడుతో పోతుంది, అంటే 50 హెర్ట్జ్ అల పొడవు 10 మీటర్లు, దాన్ని రెండు మూడు సెంటీమీటర్ల ఊల్ ఏం చేయగలదు? అందుకే కొత్త స్ట్రెయిట్ త్రూ పైప్ సింగిల్ మీదా ట్విన్ మీదా బేస్‌ని వదిలేసి కీచుతనాన్ని మింగేస్తుంది, సౌండ్ లోతుగా ఉంది అనిపిస్తుంది. వాడగా వాడగా ఊల్ కాలిపోయి, ఎగిరిపోయి లోపల డొల్ల అయ్యాక ఆ కీచుతనమంతా బయటపడుతుంది. "కొన్నప్పుడు సూపర్‌గా ఉండేది ఇప్పుడు చెవులు కోస్తోంది" అనే మాటకి అర్థం ఇదే. సింగిల్‌లో ఒక్కో దెబ్బ బలంగా తగులుతుంది కాబట్టి ప్యాకింగ్ మీద దెబ్బ కూడా గట్టిగానే ఉంటుంది.

సౌండ్‌ని నిజంగా మార్చేది సైలెన్సర్ లోపలి వాల్యూమ్. పొడుగ్గా, లావుగా ఉన్న డబ్బా అలకి వ్యాపించడానికి చోటిస్తుంది, ఊల్‌తో ఎక్కువ దూరం రాసుకునేలా చేస్తుంది, ఫలితం మెత్తగా లోతుగా. రేసింగ్ స్టైల్ పొట్టి గొట్టాల్లో చోటూ లేదు ఊలూ లేదు, కోర్ మాత్రం వెడల్పు, కాబట్టి మోత పెరుగుతుంది కానీ లోతు పెరగదు. గట్టిగా రావడాన్నే బాగా రావడం అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. లోతైన సౌండ్ కావాలంటే చిన్నగా ముద్దుగా కనిపించే డబ్బా కంటే కాస్త పెద్దదే బెటర్, చూపుకి అంత బాగోకపోయినా.

మోత తగ్గించడానికి కొసన పెట్టే డీబీ కిల్లర్ అనే ఇరుకు ముక్క దారిని ఇరుకు చేసి అలని వెనక్కి కొడుతుంది. డెసిబెల్స్ తగ్గుతాయి, స్వరం కూడా మారుతుంది, కొన్ని పైపుల్లో ముక్కుతో పలికినట్టు అవుతుంది, పై ఆర్‌పీఎంలో గ్యాస్ ఇరుకులోంచి పోతూ బుస్సుమంటుంది. అమ్మకం వీడియోల్లో వినిపించేది అది తీసేసిన సౌండ్ అయితే, రోజూ నడిపేది అది పెట్టుకుని అయితే, రెండూ పోల్చడంలో అర్థమే లేదు.

ఇక మెటీరియల్. టైటానియం సాంద్రత క్యూబిక్ సెంటీమీటర్‌కి 4.5 గ్రాములు, స్టీల్‌ది 7.9, బరువులో తేడా నిజం. సౌండ్‌లో తేడా మాత్రం ప్రచారం చేసినంత ఉండదు. పల్చటి లోహపు తొడుగు కొంచెం ఖంగుమంటుంది, కార్బన్ ఫైబర్ తొడుగు ఆ ఖంగుని అణుస్తుంది, అంతవరకే. వాల్యూమ్, కోర్ వెడల్పు, ప్యాకింగ్ ముందు మెటీరియల్ ప్రభావం చిన్నది.

స్లిప్ ఆన్ చాలా, ఫుల్ సిస్టమ్ కావాలా

స్లిప్ ఆన్ అంటే చివరి డబ్బా ఒక్కటే మార్చడం, ఫుల్ సిస్టమ్ అంటే బెండ్ పైప్ నుంచి మొత్తం. సౌండ్ ఒక్కటే కావాలనుకునేవాళ్లకి చాలా బండ్ల మీద స్లిప్ ఆన్ చాలు, ఇంజన్ కొలతల్లో పెద్దగా తలదూర్చదు కాబట్టి రిస్క్ కూడా తక్కువ.

ఫుల్ సిస్టమ్‌లో మారేది పైపుల పొడవు, అవి ఒకటిగా కలిసే చోటు. అల పైపు కొసకో కలిసే చోటుకో చేరి అక్కడి నుంచి పీల్చే అలగా మారి వాల్వ్ వైపు తిరిగొస్తుంది, సరైన టైంకి చేరితే మిగిలిన గ్యాస్‌ని లాగేస్తుంది. ఒక మీటర్ పైపులో పోయి రావడానికి సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ లోపు 6000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ 144 డిగ్రీలు తిరుగుతుంది, 3000 దగ్గర 72 డిగ్రీలే. అంటే ఏ పొడవైనా ఒక రేంజ్‌లోనే కలిసొస్తుంది, అన్ని చోట్లా లాభం ఇచ్చే పైప్ ఉండదు. ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి అని తరచూ వినిపించే మాట సగం తప్పు, కావాల్సింది అడ్డు కాదు, గ్యాస్ స్పీడు, అల టైమింగ్. మరీ లావు పైప్ పెడితే తక్కువ ఆర్‌పీఎంలో పికప్ పోవడానికి కారణం ఆ స్పీడు పడిపోవడమే.

సౌండ్ వైపు చూస్తే కలిసే చోటు ముఖ్యం. ట్విన్‌కి రెండు విడి సైలెన్సర్లు ఉంటే ఒక్కో దెబ్బ ఒక్కో వైపు నుంచి విడిగా వస్తుంది, రెండిటినీ ఒక్కదాంట్లో కలిపితే దెబ్బలు వరుసగా ఒకే గొట్టంలోంచి వచ్చి రిథమ్ బిగుస్తుంది. 1969లో వచ్చిన హోండా సీబీ 750కి నాలుగు సిలిండర్లకి నాలుగు సైలెన్సర్లు ఉండేవి, 1970ల మొదట్లో హిదేవో యోషిమురా ఆ నాలుగింటినీ ఒక్కటిగా కలిపే పైప్ తెచ్చాడు, బరువు తగ్గింది, పవర్ పెరిగింది, సూపర్ బైక్ కేక అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చే సౌండ్ కూడా ఆ అమరికదే.

క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన ఫుల్ సిస్టమ్‌కి ఫ్యూయల్ మ్యాపింగ్ (ఎప్పుడు ఎంత పెట్రోల్ పోవాలో చెప్పే సెట్టింగ్) సర్దాల్సి వస్తుంది. కొన్ని బండ్లలో బెండ్ పైప్ తర్వాత సర్వో అనే చిన్న మోటారుతో తిరిగే వాల్వ్ ఒకటి ఉంటుంది, యమహా 1980ల చివర్లో ఎక్సప్ పేరుతో తెచ్చిన పద్ధతి, తక్కువ ఆర్‌పీఎంలో దారి కొంత మూసి పైన తెరుస్తుంది. దాన్ని పీకేస్తే కింద పికప్ తగ్గొచ్చు, డ్యాష్‌లో ఫాల్ట్ లైట్ వెలగొచ్చు.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే టపటపా పేలుళ్లని చాలామంది మంచి పైప్‌కి గుర్తు అనుకుంటారు. కాదు. కాలకుండా మిగిలిన పెట్రోల్ వేడి బెండ్ పైప్‌లో గాలితో కలిసి అంటుకోవడం అది. ఆ గాలి కంపెనీయే ఎమిషన్ కోసం పెట్టిన ఎయిర్ ఇంజెక్షన్ నుంచి రావచ్చు, జాయింట్ దగ్గర గ్యాస్‌కెట్ సరిగా కూర్చోక లీక్ అవుతూ రావచ్చు. కొత్త పైప్ వేసిన రోజు నుంచే పేలుళ్లు మొదలైతే ముందు చూడాల్సింది జాయింట్, మ్యాపింగ్ తర్వాత.

ఎక్కడ నిలబడి వింటున్నారు

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు మోత అనిపిస్తుంది, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. సైలెన్సర్ కొసకి అర మీటర్ దూరంలో 100 ఉంటే అదే మోత 7.5 మీటర్ల దగ్గర 76 చుట్టుపక్కలకి వస్తుంది. ప్యాకెట్ మీద రాసిన నంబర్ ఏ దూరంలో కొలిచారో తెలియకుండా రెండు పైపులని పోల్చకూడదు.

మీటర్లు వాడే 'A' వెయిటింగ్ అనే పద్ధతి చెవి పనితీరుని అనుసరించి చిన్న ఫ్రీక్వెన్సీలని బాగా తగ్గించి లెక్కేస్తుంది, 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్, 50 దగ్గర 30. కాబట్టి ఒకే నంబర్ వచ్చిన రెండు పైపుల్లో బేస్ ఎక్కువున్నది గోడలు, కిటికీలు అదరగొట్టొచ్చు, మీటర్ దాన్ని పెద్దగా పట్టించుకోదు. ఇంట్లో వాళ్లకీ పక్కింటివాళ్లకీ ఇబ్బంది ఎక్కువగా ఈ బేస్‌తోనే, గోడలు దాన్ని ఆపలేవు.

నడిపేవాళ్లకి వినిపించేది ఇంకోలా ఉంటుంది. పైప్ కొస వెనక్కి తిరిగి ఉంటుంది, ముందున్న రైడర్‌కి ఇన్‌టేక్ గాలి శబ్దం కూడా బాగా కలుస్తుంది, హైవే స్పీడుకి వచ్చేసరికి హెల్మెట్ చుట్టూ గాలి హోరు మిగతా అన్నిటినీ కమ్మేస్తుంది. మోత వెనక్కి ఎక్కువగా పోతుంది కాబట్టే, గట్టి సైలెన్సర్ ఉంటే ఎదుటి వాహనాలవాళ్లు గమనిస్తారు అన్న వాదన కూడా అంత నిలబడదు, అద్దాలు ఎత్తిన కారు ముందు నుంచి వస్తుంటే అది మరీ బలహీనం.

ఎక్కువసేపు ఒకే స్పీడులో పోయేవాళ్లు పట్టించుకోవాల్సింది డ్రోన్, అంటే ఒక ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని వదలని గుమ్‌మ్ అనే హోరు. కార్లలో దీన్ని కొస మూసిన పక్క గొట్టం పెట్టి చంపుతారు, కానీ ట్విన్ బైక్ 4000 దగ్గర 67 హెర్ట్జ్‌కి అలాంటి గొట్టం సుమారు 1.9 మీటర్లు కావాలి, బైక్ మీద చోటెక్కడ? కాబట్టి టూరింగ్‌కి లోపల ఛాంబర్ ఉన్న పైపే నయం. షాపు ముందు నిలబెట్టి రెండు సార్లు రేస్ చేస్తే డ్రోన్ తెలియదు, లోడ్ మీద పోతుంటేనే బయటపడుతుంది.

ఫోన్ రికార్డింగ్‌ని మాత్రం తక్కువ నమ్మాలి. ఫోన్ మైక్ గట్టి సౌండ్‌ని తనంతట తానే తగ్గించేస్తుంది, చిన్న స్పీకర్ బేస్‌ని అసలు పలికించదు. ఒకే వీడియోలో ఒకే మైక్‌తో, ఒకే చోట స్టాక్ పైపూ కొత్త పైపూ రెండూ వినిపిస్తే, ఆ తేడా వరకు పనికొస్తుంది.

అప్రూవల్ గుర్తులు ఏం చెప్తాయి

ఐక్యరాజ్యసమితి యూరప్ ఎకనామిక్ కమిషన్ రూల్స్‌లో బండి మొత్తానికి రెగ్యులేషన్ 41, మార్చి పెట్టే సైలెన్సర్‌కి రెగ్యులేషన్ 92. పాసైన పైప్ మీద వృత్తంలో 'E' అక్షరం, దేశం నంబర్ ఉంటాయి. అప్రూవల్ ఫలానా బండి మోడల్‌కే ఇస్తారు, అదే పైప్ ఇంకో బండికి తగిలిస్తే ఆ గుర్తుకి విలువ లేదు, పరీక్షలో ఉన్న డీబీ కిల్లర్ తీసేసినా అంతే. నిలబెట్టి కొలిచేటప్పుడు మైక్ అర మీటర్ దూరంలో 45 డిగ్రీల కోణంలో పెడతారు, పవర్ పీక్ 5000 దాటిన ఇంజన్ అయితే ఆ పీక్‌లో సగం ఆర్‌పీఎం దగ్గర కొలుస్తారు. నడిపిస్తూ కొలిచే పరీక్షలో పవర్ఫుల్ బండ్లకి లిమిట్ 77 డెసిబెల్స్. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ 1986 నుంచి రోడ్డు బండ్లకి పెట్టిన లిమిట్ 80, కానీ పరీక్ష పద్ధతి వేరు, కాబట్టి ఈ రెండు నంబర్లని పక్కపక్కన పెట్టి ఏది కఠినం అని తేల్చలేం.

కొన్నాక

మొదట్లో ప్యాకింగ్‌లో పట్టించిన బైండర్ (ఊల్‌ని పట్టి ఉంచే జిగురు) కాలుతుంది, కాస్త పొగ వాసన వస్తుంది, సౌండ్ కొద్దిగా విచ్చుకుంటుంది, కాబట్టి ఫిట్ చేసిన రోజు విన్నదాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు. కొన్ని వారాలు గడిచాక క్లాంప్‌లూ స్ప్రింగులూ మళ్లీ ఒకసారి చూసుకోవాలి. కొనే ముందే చూడాల్సింది ఇంకోటి, ఎండ్ క్యాప్ రివెట్లతోనో బోల్టులతోనో ఉందా, వెల్డ్ చేసేశారా అని. రివెట్లు ఉంటే ప్యాకింగ్ పోయాక విప్పి కొత్త ఊల్ నింపుకోవచ్చు, మొదటి సౌండ్ చాలావరకు తిరిగొస్తుంది. వెల్డ్ చేసినదైతే కోసి మళ్లీ వెల్డ్ చేయించాలి, లేదా పైపే మార్చాలి.